బూడిద రాణి వెనక కోట్లు

ముప్పై దాటిన మగమనిషి, మెడలో ఆఫీసు బిళ్ళ ఇంకా తియ్యలేదు, అరచేతిలో ఇమిడే అట్టముక్కను పురిటిగుడ్డులా రెండు చేతులతో ఎత్తి దీపానికి ఎదురుగా పెట్టి చూసుకుంటున్నాడు. అట్టముక్కకు ఒక ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు మీద ఇంకో తొడుగు. అతని సొంత చొక్కాకు మాత్రం కింది గుండీ లేదు.

టైలరమ్మ కళ్ళు ముందు ఆ గుండీ చోటు మీదే పడ్డాయి. పాత కోట్లు బాగుచేసే కొట్టును ఇన్నేళ్ళుగా నడుపుతున్న మనిషికి ఎదుటివాడి మొహం కంటే ముందు ఊడిన కుట్టు కనిపిస్తుంది. 'అట్టకు రెండు చొక్కాలు, ఒంటికి ఒక్కటీ సరిగ్గా లేదు. వీణ్ణి కన్నతల్లి ఏమనుకుంటోందో' అని ఒక నిట్టూర్పు విడిచింది.

కార్డుల ఆట సభ పెట్టిన ఆ హాల్లో అలాంటివాళ్ళు ఐదారు వందల మంది ఉన్నారు. పొడుగాటి బల్లలకు ఎదురెదురుగా కూర్చుని, రాక్షసుల బొమ్మలూ రెక్కల పాముల బొమ్మలూ ఉన్న కార్డుల్ని ఒకరి ముందు ఒకరు పరిచి, "నీ సైన్యం చచ్చింది," "నా మంత్రం ఇంకా బతికే ఉంది" అని మహా గంభీరంగా చెప్పుకుంటున్నారు. ఎవడి ఒంటి మీదా చెమట చుక్క లేదు. యుద్ధమట!

ఆవిడ లోపలికి వస్తూనే చేసిన మొదటి పని తలుపులు లెక్కపెట్టడం. నాలుగున్నాయి. ఒకదానికి అడ్డంగా కుర్చీల దొంతర. నిప్పంటుకుంటే ఈ జనం ముందు అట్టముక్కల్ని బయటపడేస్తారు, పక్కనున్న మనిషి తర్వాత గుర్తొస్తాడు. అందుకని మూడో వరసలో, తెరిచి ఉన్న తలుపుకు దగ్గరగా చోటు చూసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా దాన్ని పట్టుకుని కూర్చుంది.

"ఇటు గోడవైపు రా అమ్మడూ. అటు ఎవరెవరో తిరుగుతున్నారు."

"వాళ్ళు నాతో పనిచేసేవాళ్ళేనమ్మా."

"అందుకే చెబుతున్నా."

అమ్మడంటే కూతురు. ఇరవై ఆరేళ్ళది. ఈ కార్డులు తయారుచేసే కంపెనీలో బొమ్మలకు వెనక భాగం వేసే పని. ముందు నిలబడే రాణినో రాక్షసుణ్ణో వేసేది పెద్ద చిత్రకారుడు, అందరూ మాస్టర్ అంటారు. ఆయన రాణిని వేసి, చుట్టూ తెల్లగా వదిలేసి పంపిస్తాడు. ఆ తెలుపులో రాతికోటో, అడవో, శ్మశానమో వేసి నింపేది అమ్మడు. కార్డు కింది అంచున ఆవగింజంత అక్షరాల్లో పడేది మాత్రం మాస్టర్ పేరొక్కటే. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. అయినా టైలరమ్మకు అదో పెద్ద లోటుగా ఎప్పుడూ అనిపించలేదు. "మీ అమ్మాయి ఏం చేస్తుంది?" అని వీధిలో ఎవరైనా అడిగితే "ప్రింటింగులో" అని ఊరుకునేది. రాక్షసుడి వీపు వెనక గోడకు రంగు కొడుతుంది అని ఏ నోటితో చెబుతుంది?

చిక్కంతా ఒకే ఒక్క కార్డుతో వచ్చింది. దాని పేరు బూడిద రాణి. మూడేళ్ళ కిందటిది. రాణి జుట్టంతా పొగ. ఆమె వెనక చీకటి గది, గదిలో వరసగా వేళ్ళాడే అంగీలు, అంగీల మీద తెల్లటి గుర్తులు. ఆ అంగీలు యుద్ధంలో చచ్చిన వీరులవనీ, ఆ గుర్తులు ఒక్కొక్కడూ ఆఖరి ఊపిరితో పలికిన శాపాలనీ కంపెనీవాళ్ళు కార్డు వెనక కథ కట్టి అచ్చేశారు. ఇంకేముంది, జనం రాణిని వదిలేసి గుర్తుల మీద పడ్డారు. తెల్ల లిపి అని దానికో పేరు. దానికో సంఘం. ఆ సంఘానికో అధ్యక్షుడు. ఏ గుర్తుకు ఏ శాపమో చెప్పే నూట పది పేజీల పుస్తకం. చదువుకున్నవాళ్ళే, అందరూ ఉద్యోగాలున్నవాళ్ళే. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడికి కనీసం ఎలుకైనా మిగిలింది.

టైలరమ్మ ఆ కార్డును ఈ మూడేళ్ళలో ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. అమ్మడు తెచ్చి చూపించిన రోజున, దారం పంటికింద ఉంచుకునే, "బాగుంది, ముందు అన్నం తిను" అని పక్కన పెట్టేసింది.

ఇప్పుడు ఆ కార్డు రెండో ముద్రణ రాబోతోంది. ఒక్కసారే. ఆ తర్వాత ఇక ఎప్పటికీ వెయ్యరు, అది కంపెనీ నియమం. ఈసారైనా తన పేరు కూడా వెయ్యమని అమ్మడు కాయితం పెట్టుకుంది. మాస్టరేమో రాణీ నాదే, గదీ నాదే, ఆ పిల్ల రంగులు కలిపిచ్చిందంతే అన్నాడు. మేనేజరమ్మ ఎటూ తేల్చకుండా, "శనివారం సభ కానీ, చూద్దాం. సోమవారం ప్రెస్సుకెళ్తుంది" అంది. సోమవారంలోగా పడితే పడినట్టు, లేకపోతే లేదు. అమ్మడు వారంనుంచి అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి కూర్చుంటోంది.

అందుకే టైలరమ్మ కొట్టు మూసుకుని మరీ వచ్చింది. కూతురి పేరు వేయించడానికి కాదు, కూతురి నోరు మూయించడానికి.

"పేరెందుకే? పేరు పెట్టి పిలవడానికి నేను బతికే ఉన్నాగా," అని బస్సులో దారి పొడుగునా నూరిపోసింది. "ఆ పేరు పట్టుకుని ఏ పిచ్చివాడో ఇల్లు వెతుక్కుంటూ వస్తే? మాస్టర్‌కి కోపం వచ్చి ఉన్న ఉద్యోగం ఊడగొడితే? తండ్రి లేని పిల్లవి. అడుసు తొక్కడమెందుకు, కాలు కడుక్కోవడమెందుకు?"

"నేను తొక్కలేదమ్మా. నేను వేశాను."

"వేశావులే. ఎవరు కాదన్నారు? అక్కడ మాత్రం నోట్లో వేలేసుకుని కూర్చో."

వేదిక మీద దీపాలు వెలిగాయి. చప్పట్ల మధ్య మాస్టర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నల్ల కోటు, భుజాలు రెండూ జారిపోయి చేతుల దాకా వచ్చాయి.

"అద్దెకు తెచ్చిన కోటు," అంది టైలరమ్మ కూతురి చెవిలో. "సొంతానికి కొలతలిచ్చి కుట్టించుకున్నది ఇలా ఉండదు."

మాస్టర్ గొంతు సవరించుకున్నాడు. "బూడిద రాణి నేను వేసిన బొమ్మ కాదు," అన్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. "ఆమె నాచేత వేయించుకుంది. మూడు నెలలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. కిటికీలు మూసేశాను. ఆ లిపి చీకట్లోంచి నడిచి నా దగ్గరికి వచ్చింది."

'మూడు నెలలు కిటికీలు మూసుకున్నాడట, ఇల్లెంత కంపు కొట్టిందో' అనుకుంది టైలరమ్మ.

అమ్మడి చెయ్యి వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది. "రెండు రోజులమ్మా," అంది. "ఆ గదికి నాకు రెండే రోజులిచ్చారు."

"ఊరుకో. ఊరుకోమన్నానా!"

అప్పుడు వెనక తెర మీద కార్డు కనిపించింది, గోడంత పెద్దదిగా. ముందు రాణి మొహం ఒక్కటే. తర్వాత బొమ్మ మెల్లగా జరుగుతూ రాణి భుజం దాటి వెనక గదిలోకి వెళ్ళింది. టైలరమ్మ ఆవులించబోయి ఆగింది. అంగీలు తగిలించిన ఆ ఇనప గొట్టం మధ్యలో కిందికి వంగి ఉంది. ఎక్కడో చూసిన వంపు. గొట్టానికి ఎడమ చివర తుప్పుపట్టిన తీగ చుట్టు. అది తను చుట్టిన చుట్టే.

రోడ్డు మీద బళ్ళెక్కువ, దారిలో జనం మంచివాళ్ళు కాదు, ఇంట్లో ఒక్కదానివే ఉంటే గ్యాసు కట్టేయడం మరిచిపోతావు అని ఏదో ఒక భయం చెప్పి, అమ్మడు ఇంటికి పని తెచ్చుకున్న రోజుల్లో దాన్ని కొట్లోనే, కుట్టుమిషను వెనక, తన కంటికి ఆనేచోట కూర్చోబెట్టుకునేది ఆవిడ. అది అక్కడ కూర్చుని ఏం వేసేదో ఎప్పుడూ తొంగి చూడలేదు. అది వేసింది ఇదన్నమాట. ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు దించేసింది. చచ్చిన వీరుల అంగీలు కావవి, బాగుచేయడానికి వచ్చిన గిరాకీల కోట్లు. శాపాలు కావవి, తన సుద్దముక్క గీతలు.

ఆవిడది ఐదో తరగతితో ఆగిన చదువు. చీటీ మీద రాయాలంటే ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి, ఈలోపు గిరాకీ విసుక్కుంటాడు. అందుకని కోటు మీదే సుద్దతో గుర్తు పెట్టుకునే అలవాటు చేసుకుంది. రెండు గీతలు పెడితే రెండు వేళ్ళు వదులు చెయ్యాలి. ఇంటూ గుర్తు పెడితే కురచ చెయ్యాలి. పాములా వంకర గీస్తే జిప్పు పోయింది. మూడు చుక్కలు పెడితే మనిషి గొడవ మనిషి, జాగ్రత్త. ఈ లిపి ఆవిడ కొట్టు గడప దాటి ఎన్నడూ పోలేదు.

బొమ్మ ఇంకా జరుగుతోంది. గోధుమరంగు కోటు, పొడుగు నల్లకోటు, ఆ తర్వాత బూడిదరంగు కోటు. దాన్ని చూడగానే టైలరమ్మ కుర్చీలో ముందుకు వంగింది. అది ఒక బడి గుమాస్తాది. ఆయన కుడిచెయ్యి రవంత పొట్టి. కుడిచేతిని కురచ చెయ్యాల్సింది పోయి ఆవిడ ఎడమచేతి మీద గుర్తు పెట్టింది, పెట్టినట్టే కత్తిరించేసింది. తర్వాత నాలుక్కరుచుకుని, లోపలి మడతలోంచి గుడ్డ తీసి అతికి, ఇస్త్రీతో అదిమి, ఏమీ ఎరగనట్టు ఇచ్చేసింది. ఆ తప్పు ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు గోడంత చేసి ఐదారు వందల మందికి చూపిస్తున్నారు!

"అయ్యయ్యో, గుర్తు ఎడమచేతికి పెట్టానే!"

మాట నోరు దాటాక గానీ అంత గట్టిగా అన్నానని ఆవిడకు తెలియలేదు. వరసలన్నీ ఆవిడ వైపు తిరిగాయి.

రెండో వరసలోంచి పొడుగాటి మనిషి లేచాడు. పళ్ళ డాక్టరు. తెల్ల లిపి సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. "అమ్మా, ఏమన్నారు? గుర్తు మీరు పెట్టారా?"

"ఏం లేదు బాబూ. కునుకు పట్టి ఏదో అన్నాను." ఆవిడ సంచీని గుండెకు హత్తుకుంది. ఆ ఒక్కమాటతో అంతా సద్దుమణిగేదే. కానీ వేదిక మీద మాస్టర్ జాలిగా నవ్వాడు. ఆ నవ్వు మైకులోంచి హాలంతా వినిపించింది.

"పాపం, పెద్దావిడ. ఆ లిపిని చూసి జడుసుకుని ఉంటారు. సామాన్యులు దాన్ని భరించలేరు."

టైలరమ్మకు నిప్పంటే భయం, దొంగంటే భయం, బస్సు డ్రైవరు పక్కవాడితో మాట్లాడినా భయం. అద్దెకోటు వేసుకున్నవాడికి మాత్రం ఎందుకోగానీ ఆ జాబితాలో చోటు లేకపోయింది.

"ఏవయ్యా, భరించలేనా?" అని లేచింది. "ఆ కోట్లు భరించే నా గొట్టం వంగిపోయింది, చూడు, తెర మీద కనిపిస్తోంది. సరే, నువ్వే చెప్పు. ఆ చివరి కోటు మీద వంకరగీత ఏంటి?"

మాస్టర్ కళ్ళు సగం మూశాడు. "అది అగ్నిసర్పం. కాలాన్ని మింగుతుంది."

"జిప్పు పోయింది నాయనా. జిప్పు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో ఆవిడకు ఇంకాస్త ఊపొచ్చింది. వేలు చూపిస్తూ గిరాకీకి లెక్క అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. "ఆ నల్లదానికి ఇంటూ, అంటే కురచ చెయ్యాలి. దాని పక్కది అన్న కోటు, తమ్ముడికి సరిచేయమని తెచ్చారు. ఆ గోధుమరంగుదానికి రెండు గీతలు, మూడు చుక్కలు. పొట్ట దగ్గర రెండు వేళ్ళు వదులు చెయ్యాలి. మనిషి ఉత్త గొడవ మనిషి."

పళ్ళ డాక్టరు మొహం పాలిపోయింది. మెల్లగా ఎడమచేతి చొక్కా పైకి మడిచాడు. మోచేతి కింద, చర్మం మీద పచ్చబొట్టు. రెండు గీతలు, మూడు చుక్కలు.

"మా పుస్తకంలో దీనికి 'అజేయుడు' అని అర్థం రాశామమ్మా."

"రాసే ముందు ఒక్కమాట అడగాల్సింది బాబూ," అంది టైలరమ్మ. "ఇప్పుడు ఉతికితే పోదుగా."

హాలు గొల్లుమంది. నవ్వనివాళ్ళు కోపంతో లేచారు. "ఎవరీవిడ?" "అబద్ధం!" "బయటికి పంపండి!" మేనేజరమ్మ పరుగున వచ్చి మైకు అందుకుంది. "దయచేసి కూర్చోండి. తెర మీద ఉన్నదాన్ని చూసి ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు."

పళ్ళ డాక్టరు కూర్చోలేదు. చొక్కా దించుకున్నాడు గానీ గొంతు మాత్రం నిటారుగానే ఉంది. "తెర మీద లేనిది చెప్పమనండి, సరిపోతుంది. అమ్మా, ఈ కార్డు కింద కుడిమూల మీకు ఇక్కడ కనిపించదు. అక్కడేముంది?"

"కార్డులో ఏముందో నాకేం తెలుసు, నేను చూస్తేగా! కొట్లో ఆ మూల అయితే నా ఇస్త్రీ పెట్టె ఉంటుంది. పిడి విరిగితే గళ్ళగుడ్డ చుట్టాను. పక్కన మా అమ్మడి చెప్పులుంటాయి, ఒకటి తిన్నగా, ఒకటి బోర్లా. చెప్పులు సరిగ్గా విడవడం దానికి ఈ జన్మకు రాదు."

ఐదారు వందల తలలు ఒక్కసారిగా ఒళ్ళోకి వంగాయి. తొడుగులు చిటపటలాడాయి.

"డ్రాగన్ తల కాదా ఇది?" అన్నాడు ఎవడో ఏడుపు గొంతుతో.

"గళ్ళున్నాయి చూడు, గళ్ళు."

"మరి ఈ రెండు శవపేటికలు..."

"చెప్పులు," అన్నాడు పళ్ళ డాక్టరు నీరసంగా. "ఒకటి బోర్లా."

మాస్టర్ వైపు ఎవరూ చూడటం లేదు. ఆయన లేచి, కోటు ముందు గుండీ పెట్టుకోబోయాడు. పొట్ట దగ్గర అది అందలేదు. అలాగే మెట్లు దిగి పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు.

మేనేజరమ్మ తల్లినీ కూతుర్నీ వెనక గదిలోకి తీసుకెళ్ళింది. కార్డుల పెట్టెలు నిట్టనిలువుగా పేర్చి ఉన్నాయి, మీద పడితే ముగ్గురూ సరి. టైలరమ్మ కూతుర్ని వాటికి దూరంగా లాగింది. మేనేజరమ్మ జాకెట్టు చంకల దగ్గర పట్టేసి, ఆవిడ చెయ్యి ఎత్తినప్పుడల్లా కుట్టు మూలిగేలా ఉంది.

"మీ అమ్మాయి పేరు వేస్తాను. ఇదిగో, ఇప్పుడే మాటిస్తున్నా. మాస్టర్ పేరు పక్కనే, అంతే అక్షరాల్లో."

అమ్మడు ఊపిరి పీల్చింది. వదల్లేదు.

"కానీ మీరు వెళ్ళి ఒక్కమాట చెప్పాలి. ఇది మీ ఇంట్లో తల్లి నుంచి కూతురికి తరతరాలుగా వస్తున్న రహస్య లిపి అనీ, దాన్ని కాపాడుకోవడానికే జిప్పులనీ కోట్లనీ అలా చెప్పారనీ. మంత్రం పోయిన కార్డు ఎవరు కొంటారు?"

"మా అమ్మకు వేలిముద్ర వెయ్యడమే వచ్చు తల్లీ."

"ఆ సంగతి వాళ్ళకేం తెలుసు?"

టైలరమ్మ కూతురి వైపు చూసింది. అమ్మడు నేల చూపులు చూస్తూ, "నీ ఇష్టం అమ్మా" అంది. పరీక్ష తప్పిన రోజున కూడా దాని గొంతు అంత చిన్నదవలేదు. దానికి కావాలి. ఆవగింజంత అక్షరాలైనా సరే, అది తనదని నలుగురికీ తెలియాలి. ఇన్నాళ్ళూ తను 'ప్రింటింగు' అని దాటేసినదాని కోసం పిల్ల ఇంత ఎండిపోయిందని తల్లి బుర్రకు అప్పుడు ఎక్కింది.

"సరే పద," అంది. అబద్ధమేమీ కొత్త కాదు. 'రేపటికి రెడీ అయిపోతుంది' అని రోజుకు పదిసార్లు చెప్పే నోరే.

సంచీ భుజాన వేసుకుని వేదిక ఎక్కింది. ఆవిడ వెనకే మెట్ల దగ్గర అమ్మడు నిలబడింది. మేనేజరమ్మ మైకులో, "ఒక తల్లీ, ఒక కూతురూ, వాళ్ళ మధ్య ఒక రహస్యం..." అని మొదలుపెట్టగానే హాలంతా కుర్చీల్లో ముందుకు జరిగింది. నిన్నమొన్న పుట్టిన చీమకు కూడా ఎవరు నిజం చెబుతున్నారో తెలుస్తుంది. వీళ్ళకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. జిప్పు అని చెప్పి ఇంకా పావుగంట కాలేదు, మళ్ళీ నోళ్ళు తెరుచుకుని సిద్ధంగా ఉన్నారు. నమ్మడానికి ఇంత ఆకలిగా ఉన్న జనాన్ని చూస్తే టైలరమ్మకు అసహ్యం వేసింది. ఆ అసహ్యంతోనే అబద్ధం సులువుగా వచ్చేసేది.

"అయితే ఆ అమ్మాయికి కూడా వచ్చా లిపి?" అని ముందు వరసలోంచి ఒకడు లేచాడు. ఇందాకటి గుండీ లేని చొక్కా కాదు, ఇంకోడు. వాడి కళ్ళు అమ్మడి మీద ఉన్నాయి. "ఎక్కడుంటారు మీరు? ఇంటికొస్తే నేర్పుతారా?" ఇంకో పదిమంది లేచారు. ఫోన్లు పైకి లేచాయి. అన్నీ మెట్ల దగ్గరున్న పిల్లవైపే.

ఆ ఒక్క క్షణంలో టైలరమ్మ కళ్ళముందు అన్నీ తిరిగాయి. కొట్టు ముందు గుంపులు. బస్సు దిగితే వెనకాల ఒకడు, మందుల షాపు దగ్గర ఇంకొకడు. రహస్యం చెప్పమని తలుపు కొట్టేవాడు. చెప్పకపోతే తలుపు విరగ్గొట్టేవాడు. పేరు కోసం పిల్లను వీళ్ళ నోట పెట్టాలా?

ఆవిడ మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"లేదు బాబూ, రహస్యం లేదు. ఈమె చెప్పమన్నది అబద్ధం. ఇందాక నేను చెప్పిందే నిజం. అవి కోట్లు. అది నా కొట్టు. మా అమ్మాయికి ఏ లిపీ రాదు, ఏ మంత్రమూ రాదు. ఎదురుగా ఉన్నది ఉన్నట్టు వేసింది. నా తప్పు కూడా దాచకుండా వేసింది. బాగా వేసింది. అంతే. దాని వెంట ఎవరూ రావద్దు."

మైకు ఆపేశారు. ఎవరో ఈల వేశారు, ఎవరో తిట్టారు. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని, ముందే చూసి పెట్టుకున్న తలుపులోంచి బయటపడింది.

బస్సులో అమ్మడు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మూడు స్టాపులు దాటాక, "పోయింది కదమ్మా" అంది.

"పోతే పోయింది. మనిషివి మిగిలావు."

"బాగా వేశానన్నావు."

"అన్నాను. అయితే ఏంటి? చెయ్యి లోపల పెట్టు, పక్కన లారీ వస్తోంది."

ఆదివారం మధ్యాహ్నం కొట్టు తలుపు ఎవరో తట్టారు. గాజులోంచి పళ్ళ డాక్టరు మొహం కనిపించగానే టైలరమ్మ కత్తెర చేతిలోకి తీసుకుంది. 'చెప్పానా, వెతుక్కుంటూ వస్తారని!' కంపెనీలో అడిగి తెలుసుకున్నాడట. ఇలా అడిగినవాడికల్లా చిరునామా ఇచ్చేస్తారా? గొళ్ళెం తియ్యకుండానే, "ఏం కావాలి?" అంది.

"ఒక్క నిమిషం పెద్దమ్మా. మంచి కబురే."

"మీకు పెళ్ళయిందా?"

ఆయన తికమకపడ్డాడు. "అయిందండీ. ఇద్దరు పిల్లలు."

గొళ్ళెం తీసింది. కత్తెర మాత్రం పక్కన పెట్టలేదు.

ఆయన ఎత్తుపీట మీద మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చున్నాడు. నిన్న సభ నుంచి సంఘమంతా ఒక్కచోటే కూర్చుని తర్జనభర్జన పడ్డారట. సగంమంది ఏడ్చారట. ఒకాయన సంఘానికి రాజీనామా ఇచ్చి, గంట తర్వాత వెనక్కి తీసుకున్నాడట. పెద్దవాళ్ళు! టైలరమ్మ నవ్వు ఆపుకోవడానికి దారం కొరికింది.

"మంత్రం పోయింది, సరే," అన్నాడాయన. "మూడేళ్ళు ఒక గదిలోకి తొంగిచూస్తూ బతికామండీ మేము. ఆ గది ఎవరు వేశారో తెలిశాక కూడా ఇంకొకరి పేరుతో కొంటే మాకంటే బుద్ధిలేనివాళ్ళు ఉండరు. అమ్మాయి పేరు లేకపోతే మా వాళ్ళు ఒక్కరు కూడా రెండో ముద్రణ ముట్టుకోరని పొద్దున్న కంపెనీకి మెయిలు పెట్టాం. గంటలో ఒప్పుకున్నారు."

మిషను వెనకనుంచి అమ్మడు లేచి నిలబడింది.

ఆయన ఫోనులో ప్రెస్సుకు పంపబోయే కార్డు బొమ్మ చూపించాడు. కింది అంచును వేళ్ళతో పెద్దది చేశాడు. రాణి అని రాసి మాస్టర్ పేరు. గది అని రాసి ఇంకో పేరు. టైలరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, చూపుడువేలు కింద పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. బడిలో చేర్చిన రోజున ఆ పేరు తనే చెప్పింది. ఎప్పుడూ అచ్చులో చూడలేదు. చివరి అక్షరానికి దీర్ఘం ఉందో లేదో ఇంకోసారి చూసుకుంది. ఉంది.

"ఇంత చిన్నగానా వేసేది?" అంది. "చీమలు చదువుకోవాలా?"

అమ్మడు ఫోను అందుకుని, గోడవైపు తిరిగి, చాలాసేపు అలాగే నిలబడింది. దాని భుజాలు కదులుతున్నాయి.

వచ్చినాయన మర్యాదగా కోట్ల వైపు చూపు తిప్పుకున్నాడు. "ఒక్కసారి చూడొచ్చా?"

"చూడ్డానికేముంది, కోట్లు."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. ముట్టుకోలేదు. ఒక నీలం కోటు దగ్గర ఆగి, "ఈయన నడుము దగ్గర ఒక వేలు," అన్నాడు. "గొడవ మనిషి."

"అవును. చెడ్డ గొడవ మనిషి."

ఆయన మొహం వెలిగిపోయింది. టైలరమ్మకు విసుగొచ్చింది. పిచ్చివాణ్ణి పిచ్చివాడని తోసిపారేయడం ఎంత సుఖం! ఆ సుఖం కూడా చెడగొట్టాడు. తను చెయ్యలేని పని ఈ అట్టముక్కల మనిషి చేసిపెట్టాడు, పైగా దానికి ఆయన చెప్పిన కారణం కూడా తిన్నగానే ఉంది. ఏమనాలో తోచక, "చొక్కా మెడపట్టీ అరిగింది, తిప్పి కుట్టించుకోండి. ఈసారి వచ్చినప్పుడు తెండి" అంది. అన్నాక, ఈసారి రమ్మని నోటితో నేనే పిలిచానే అని తనను తనే తిట్టుకుంది.

ఆయన వెళ్ళగానే తలుపు గొళ్ళెం వేసింది. లాగి చూసింది. ఇంకోసారి లాగి చూసింది. పేరు అచ్చులో పడ్డాక ఎవడు చదువుతాడో, ఎవడు గుర్తుపెట్టుకుంటాడో. పెట్టె అడుగునుంచి పాత దుప్పటి తీసి, గొట్టం మీదుగా కోట్లన్నిటినీ కప్పేసింది.

"విన్నావా? ఇకమీదట నా కొట్టు నీ బొమ్మల్లో కనిపించిందంటే ఊరుకోను. శ్మశానాలు వేసుకో, అడవులు వేసుకో, నా వస్తువుల జోలికి రావద్దు."

తిరిగి చూసింది. అమ్మడు మిషను వెనక తన చోట్లో కూర్చుని ఉంది, కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, మోకాళ్ళ మీద అప్పుడే బొమ్మలేసే అట్ట పెట్టుకుంది.

"ఆ దుప్పటిని కదిలించకమ్మా," అంది. "మడతలు బాగా పడ్డాయి."